టాప్‌లో ఉన్నదెవరు?

"మీ కంప్యూటర్లో ఒక ఫైలు మీద నొక్కి, వంటింట్లోకెళ్ళి టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఇంకా తెరుచుకోవట్లేదండీ!"

షాపులో ఉన్న కస్టమర్లంతా అటు తిరిగారు. నాకు చుర్రుమంది.

గవర్నర్‌పేటలో చక్రి అన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ల షాపంటే ఆ రోజుల్లో, అంటే రెండు వేల నాలుగులో, కాస్త పేరున్న షాపే. అందులో మిషన్లు బిగించేది నేను. నా పేరు అష్ఫాక్. నేను బిగించిన మిషన్ స్లో అని ఎవరైనా అంటే, మా అమ్మ వండిన బిర్యానీలో ఉప్పు లేదన్నంత కోపం వస్తుంది నాకు.

"ఏ మిషనండీ అది?" అన్నాను, చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టకుండానే.

"పోయిన వారం మా అబ్బా తీసుకెళ్ళారు. హుమాయూన్ గారు, కొండపల్లి. నేను వాళ్ళమ్మాయిని, హఫ్సా."

"ఆ పెంటియం త్రీనా? విండోస్ బదులు లైనక్స్ వేసిచ్చాను కదా! అది రాకెట్టండీ."

"రాకెట్టే. కౌంట్‌డౌన్ ఇంకా అవ్వలా."

కౌంటర్ వెనకాల చక్రి అన్న కిసుక్కున నవ్వాడు. సొంత ఓనరే అట్టా నవ్వితే ఇక మనకి దిక్కెవరు?

"ముందు ఆ గొడుగు పక్కన పెట్టండి. కీబోర్డుల మీద నీళ్ళు కారుతున్నాయి" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

బయట వాన దంచుతోంది. ఆమె గొడుగు తీసి గుమ్మం పక్కన పెట్టింది. చున్నీ అంచు తడిసి చేతికి అతుక్కుంది. ముక్కు మీద ఒక చినుకు అట్టాగే నిలబడి ఉంది. ముక్కు మీద చినుకు పెట్టుకుని ఎంత కోపంగా చూసినా ఎదుటివాడికి భయం వెయ్యదు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

"చూడండి," అంది గొంతు తగ్గించి, "నాకు గొడవ పెట్టుకోవాలని లేదు. ఏలూరు రోడ్డులో బైండింగ్ షాపు వాళ్ళు ఇంజనీరింగ్ స్టూడెంట్ల ప్రాజెక్టు రిపోర్టులు నాకు టైపింగ్‌కి ఇస్తామన్నారు. అందుకే మా అబ్బాని బతిమాలి కొనిపించాను. ఇది నడవకపోతే వెనక్కిచ్చేస్తానంటున్నారు. నన్ను చల్లపల్లిలో మా మేనత్త దగ్గరికి పంపించి, అక్కడ స్కూల్లో టీచరుగా చేరమంటున్నారు."

"టీచరు ఉద్యోగం మంచిదేగా?"

"మంచిదే. కానీ నాకు చిన్నపిల్లలంటే భయం. అందరూ ఒకేసారి మాట్లాడతారు."

నాకు నవ్వాగలేదు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. నిజంగానే భయపడుతోందని అప్పుడర్థమైంది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాను.

"ఆదివారం ఇంటికొచ్చి చూస్తానండీ. నేను బిగించిన మిషన్ వెనక్కి రావడమనేది ఇంతవరకు జరగలా. జరగనివ్వను."

"మీ మిషన్ పరువు కోసమా?"

"మరి దేనికోసమండీ?" అన్నాను. అప్పటికి అది నిజమే.

*

హుమాయూన్ గారు థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్. మనిషి పొడుగ్గా, మీసాల్లేని గడ్డంతో, ప్రతీదీ తనిఖీ చేస్తున్నట్టు చూస్తారు. నేను చెప్పులు విప్పకముందే మొదలుపెట్టారు.

"ఊళ్ళకి ఊళ్ళకే కరెంటిచ్చే మిషన్లు నడుపుతాం బాబూ మేము. నీ డబ్బా ఒక్క కాగితం టైపు చెయ్యలేదా?"

"చేస్తుంది సార్. ఎక్కడ ఇరుక్కుందో చూద్దాం."

సీపీయూకి పూలపూల గుడ్డతో తొడుగు కుట్టి తొడిగారు. కింద దాకా, గాలాడకుండా. అది తీసి మడతపెడుతుంటే వెనక నుంచి ముసలి గొంతు వినపడింది. "దుమ్ము పడుతుందని నేనే కుట్టాను నాయనా." ఆవిడ హఫ్సా నానమ్మ జమీలా బేగం. అందరికీ దాదీమా.

"చాలా బాగుంది దాదీమా. కాకపోతే దీనికి ఉక్కపోస్తుంది. రాత్రి ఆపేశాక తొడగండి" అన్నాను. ఆవిడ ఒప్పుకుంది. ఆ ఇంట్లో నా మాట మొదట విన్నది ఆవిడే.

కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి 'టాప్' అని కొట్టాను. పేర్లన్నీ వరసగా వచ్చాయి.

"ఇప్పుడు లోపల ఎవరెవరు పనిచేస్తున్నారో ఇందులో కనపడతారు. అందరికంటే ఎక్కువ తినేవాడు టాప్‌లో ఉంటాడు. పై మూలన ఉన్నది మొత్తం లోడు."

హుమాయూన్ గారు కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగారు. "లోడు చూపిస్తోందా? ఇది అచ్చం మా ప్యానెల్ లాగే ఉందే!" అని కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. అప్పట్నుంచి నన్ను కాస్త మనిషిలా చూశారు.

"మరి టాప్‌లో ఉన్నదెవరు?" అడిగింది హఫ్సా.

నేను నసిగాను. "అది... డెస్క్‌టాప్ అండీ. నేనే వేశాను. తెర మీద విండోలకి నీడలు పడతాయి, మెనూలు మెల్లగా విచ్చుకుంటాయి. చూడ్డానికి బాగుంటుందని."

"మెల్లగానే విచ్చుకుంటున్నాయి. మేం చూస్తూనే కూర్చుంటున్నాం."

దాదీమాకి సంగతి తెలియాలట. చెప్పక తప్పలేదు. "ర్యామ్ అంటే వంటగట్టు అనుకోండి దాదీమా. హార్డ్‌డిస్కు సామాన్ల గది. గట్టు చిన్నదైతే, ఉల్లిపాయ తరిగాక కత్తిపీట గదిలో పెట్టి రావాలి. మళ్ళీ వెళ్ళి రోలు తెచ్చుకోవాలి. వంట తక్కువ, తిరుగుడు ఎక్కువ. దీనికీ అదే బాధ."

"అయితే గట్టు పెద్దది కట్టించొచ్చుగా?"

"అంతే దాదీమా. అదే చెయ్యాలి."

ఆ రోజుకి నా అందాల డెస్క్‌టాప్ పీకేసి, సాదాసీదాది ఒకటి వేశాను. అక్కర్లేనివన్నీ ఆపేశాను. ఫైళ్ళు చకచకా తెరుచుకున్నాయి. కానీ బొమ్మలున్న పెద్ద రిపోర్టు తెరిచేసరికి మళ్ళీ కిర్రు కిర్రుమంటూ హార్డ్‌డిస్కు తిరగడం మొదలైంది. ర్యామ్ పెంచాల్సిందే.

తీరా షాపుకెళ్ళి చూస్తే ఆ పాత రకం ర్యామ్ లేదు. హైదరాబాద్ నుంచి ఎప్పుడొస్తుందో తెలీదన్నాడు చక్రి అన్న. హఫ్సా రిపోర్టు ఇవ్వాల్సింది పై వారంలోనే. చల్లపల్లి స్కూలు గుర్తొచ్చింది. అందరూ ఒకేసారి మాట్లాడే పిల్లలు గుర్తొచ్చారు. ఇంటికెళ్ళి నా సొంత మిషన్ విప్పి, అందులో ఉన్న ర్యామ్ పీకాను.

తర్వాత ఆదివారం అది బిగించబోతుంటే హఫ్సా అడిగింది. "దీనికి ఎంత తీసుకుంటారు?"

"ఏమీ లేదండీ. వారంటీలో వస్తుంది."

"సెకండ్ హ్యాండ్‌కి వారంటీ ఏంటండీ?"

"మా షాపులో ఉంటుంది."

ఏదీ చూడనివ్వండి అంటూ నా చేతిలోంచి ర్యామ్ తీసుకుంది. మా షాపులో ఒక అలవాటుంది. ఎవరి సామాను ఎవరిదో కలిసిపోకుండా మార్కర్‌తో పేరు రాసుకుంటాం. నేను దాన్ని పూర్తిగా మర్చిపోయాను. ఆమె వెనక్కి తిప్పి చూసింది. 'అష్ఫాక్ సొంతం. ముట్టుకోవద్దు' అని ఉంది.

నాకు చెవులు వేడెక్కాయి. ఆమె వాళ్ళ నాన్న వైపు ఒకసారి చూసి, ర్యామ్ మళ్ళీ నా చేతిలో పెట్టింది.

"వారంటీ బాగా పర్సనల్‌గా ఉందండీ" అంది, నాకు మాత్రమే వినపడేట్టు. నవ్వింది కూడా. నా పని అక్కడితో అయిపోయింది. ఆ మిషన్ పరువు సంగతి మళ్ళీ నాకు గుర్తురాలేదు.

బిగించి ఆన్ చేశాక హుమాయూన్ గారు, "మా దగ్గర ఏ మిషన్ బాగుచేసినా లోడిచ్చి చూడందే ఒప్పుకోం. దీనికీ ఇవ్వు" అన్నారు.

"ఇస్తాను సార్. లైనక్స్‌లో 'ఎస్' అని ఒక కమాండ్ ఉంది. మనం ఆపేదాకా ఎస్ ఎస్ అంటూనే ఉంటుంది. పక్కన వేరే మాటేదైనా ఇస్తే అదే అంటుంది. ప్రాసెసర్‌కి ఊపిరి సలపదు." కొట్టి చూపించాను. పైకి ఏమీ కనపడకుండా లోపల్లోపలే ఎట్టా అనిపించాలో కూడా చూపించాను. హఫ్సా టీ కప్పులున్న ట్రే పట్టుకుని వెనక నిలబడి చూస్తోంది.

"ఏమడిగారని ఎస్ అంటోంది?"

"ఏమీ అడగలేదండీ. అడక్కుండానే అంటుంది."

"అడక్కుండా అవునంటే ఏం విలువ?" అని ట్రే బల్ల మీద పెట్టి లోపలికెళ్ళిపోయింది.

మిషన్ లోడుకి తట్టుకుంది. హుమాయూన్ గారు "పర్లేదు" అన్నారు. కొండపల్లి నుంచి బెజవాడ వచ్చేదాకా బస్సులో నేను ఆ 'అడక్కుండా' దగ్గరే ఆగిపోయాను. అంటే, అడగమనా?

*

ఆ వారం హఫ్సా బైండింగ్ షాపులో రిపోర్టు ఇచ్చేసి, మా షాపుకొచ్చింది. మౌసు తిక్కగా ఉందట. చూశాను. ఏ తిక్కా లేదు. పక్క వారం కీబోర్డు తెచ్చింది. దానికీ ఏ జబ్బూ లేదు.

"ఈసారి మానిటర్ మోసుకొస్తుందేమో, మెట్ల దగ్గర నిలబడి అందుకో" అన్నాడు చక్రి అన్న, ఆమె అటు తిరగ్గానే.

ఆ సాయంత్రం వాన. గొడుగు మర్చిపోయానంది. నా దగ్గరున్న ఒక్క గొడుగు తీసుకుని కాళేశ్వరరావు మార్కెట్ బస్టాపు దాకా వెళ్ళాం. గొడుగు ఆమె మీద పట్టాను. నా ఎడమ భుజం మొత్తం తడిసిపోయింది. ఎవరైనా చూస్తే వీడికి గొడుగు పట్టుకోవడం కూడా రాదనుకుంటారు.

"మీ మిషన్ బాగైపోయిందండీ" అన్నాను.

"అవును. బ్రహ్మాండంగా ఉంది."

"ఇక నేను మీ ఇంటికి రావడానికి కారణం లేదు."

"లేదు" అంది, రోడ్డు మీద నీళ్ళు చూస్తూ.

"కారణం లేకుండా రావచ్చా?"

"కారణం లేకుండా ఎట్టా వస్తారండీ? ఏమని వస్తారు?"

"అల్లుడిగా."

నోట్లోంచి వచ్చేసింది. ఎట్టా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. ఆమె తలెత్తి చూసింది. ఏదో అనబోయింది. అప్పుడే వచ్చింది ఆ దిక్కుమాలిన బస్సు. వెనకున్న జనం ఒక్కసారి తోసుకొచ్చారు. ఆమె ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. నా వైపు చూసింది కూడా. వాన జల్లు లోపలికి కొడుతోందని పక్కనున్న పెద్దావిడ దబ్బున షట్టర్ దించేసింది.

బస్సు వెళ్ళిపోయింది. నేను గొడుగు ముడిచేసి తడుస్తూ షాపుకొచ్చాను.

తర్వాత ఆమె రాలేదు. మౌసూ రాలేదు, కీబోర్డూ రాలేదు. షాపు ఫోన్ మోగినప్పుడల్లా నేనే పరిగెత్తి తీశాను. చక్రి అన్న మొదట్లో నవ్వేవాడు. తర్వాత జాలిపడ్డం మొదలుపెట్టాడు. అది ఇంకా ఘోరం.

చివరికి ఫోనొచ్చింది. హుమాయూన్ గారు.

"ఏమయ్యా, మళ్ళీ మొదలైంది! బాణం గుర్తు కదలడానికి కూడా బద్ధకిస్తోంది. రేపొచ్చి చూడు. తేలకపోతే అక్కడికక్కడే అట్టపెట్టెలో పెట్టి పట్టుకుపో. పిల్లని చల్లపల్లి పంపించేస్తా. ఈ గోల నావల్ల కాదు."

అంత బాగా నడిచే మిషన్ ఉన్నట్టుండి ఎందుకు స్లో అవుతుంది? ఇంకేముంది, నాకు అర్థమైపోయింది. హఫ్సాకి నా మొహం మళ్ళీ చూడ్డం ఇష్టం లేదు, మిషన్ వెనక్కి పంపించేస్తోంది. చల్లపల్లి పిల్లలకంటే నేనే ఎక్కువ భయపెట్టానన్నమాట. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే వారానికోసారి మౌసైనా వచ్చేది కదా అని నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

*

తలుపు తీసింది హఫ్సాయే. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"అబ్బా ఇవాళ డ్యూటీ మార్చుకుని ఇంట్లోనే ఉన్నారు!" అంది గుసగుసగా, కంగారుగా.

"మంచిదేగా. ఆయన ముందే తీసుకెళ్తాను" అన్నాను ముభావంగా.

"అయ్యో, అది కాదు..."

"ఎవరూ, అష్ఫాకా? రా రా!" హుమాయూన్ గారి కేక. అట్టపెట్టె బల్ల పక్కన సిద్ధంగా ఉంది. దాదీమా మంచం మీద కూర్చుని తమలపాకు తుడుస్తోంది. సీపీయూ మీద తొడుగు లేదు. నా మాట అంత బుద్ధిగా పాటించారు, పాపం.

కూర్చున్నాను. నిజంగానే మిషన్ ఈడుస్తోంది. నల్ల తెర రావడానికే యుగం పట్టింది. 'టాప్' అని కొట్టాను.

పేర్లొచ్చాయి.

మొదటి వరసలో ఎస్. దాని కింద ఎస్. దాని కింద ఇంకో ఎస్. ఒకటి కాదు, రెండు కాదు, తెర సగం దాకా ఎస్సులే. లోడు ఎప్పుడూ చూడనంత ఎత్తులో ఉంది.

హుమాయూన్ గారు ముందుకి వంగారు. "అమ్మో, ఏంటా లోడు! టాప్‌లో ఉన్నదెవరు?"

"ఎస్ సార్" అన్నాను.

"ఎవరని అడుగుతుంటే ఎస్ సార్ అంటావేంటి? పేరు చెప్పు."

"ఎస్ సార్."

"చెప్పు మరి!"

"పేరే ఎస్ సార్."

"దాని కిందోడు?"

"వాడూ ఎస్ సార్."

"నాతో పరాచికాలా?" ఆయన గొంతు పెరిగింది. దాదీమా తుడవడం ఆపింది. నేను వేలుపెట్టి చూపించాను. ఆయన ఇంకాస్త వంగి కూడబలుక్కుని చదివారు. "ఎస్... ఎస్... ఎస్... ఆ రోజు నువ్వు లోడివ్వడానికి పెట్టావే, అదా? మా దగ్గర ప్రతి మిషన్‌కీ పూర్తి పేరుతో ఒక బిళ్ళ ఉంటుంది. దీనికి లేదా? మొత్తం పేరు చూపించు."

చూపించొచ్చు. 'సి' అక్షరం నొక్కితే ఎవరు ఏమని కొట్టారో మొత్తం వస్తుంది. నా వేలు అక్కడిదాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి చూశాను. హఫ్సా వంటింటి గుమ్మంలో తెర పట్టుకుని నిలబడి ఉంది. వద్దు వద్దని తల ఊపుతోంది.

"నొక్కవయ్యా" అన్నారు ఆయన.

నొక్కాను.

"ఎస్... అష్ఫాక్" అని చదివారు హుమాయూన్ గారు. కింది వరస చూశారు. "ఎస్ అష్ఫాక్." దాని కిందది కూడా చూశారు. ఇక చదవలేదు.

నాకు ఒక్కసారిగా ఒంట్లో ప్రాణం లేచొచ్చింది. తిరస్కరించలేదు! జవాబు చెప్పింది! పిచ్చి పిల్ల, ఇన్నాళ్ళూ పెట్టెలో పెట్టుకుని కూర్చుంది! అదే క్షణంలో పక్కనున్న ఆరడుగుల మనిషి గుర్తొచ్చి వచ్చిన ప్రాణం కాస్తా మళ్ళీ పోయింది.

"ఎప్పట్నుంచి నడుస్తోంది ఇది?"

"ఇవాళ పొద్దున మిషన్ ఆన్ చేసినప్పట్నుంచి సార్."

"నేను అడిగింది మిషన్ గురించి కాదు."

హఫ్సాయే ముందుకొచ్చింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది కానీ గొంతు వణకలేదు.

"వారంటీ అప్పట్నుంచి అబ్బా. మనకి వేసిన ర్యామ్ షాపుది కాదు, ఆయన సొంతం. నా రిపోర్టు ఆగిపోకూడదని తన మిషన్‌లోది పీకి పెట్టారు. అడిగితే వారంటీ అన్నారు. మొన్న నన్నొక మాట అడిగారు. జవాబు చెప్పేలోపు బస్సు కదిలింది. మీరు డ్యూటీలో ఉన్నప్పుడు ఈయనొచ్చి చూసుకుంటారనుకున్నా."

"దానికి ఇన్నిసార్లు అనాలా?" అన్నారు ఆయన.

"ఒక్కసారి అంటే ఈ మిషన్ లెక్కే చెయ్యలేదు అబ్బా. అంత బాగా చేసిచ్చారు. స్లో అయితేగానీ మీరు ఫోన్ చెయ్యరుగా!"

ఇంత టెన్షన్లోనూ నాకు గర్వం వచ్చింది. అదీ నా మిషనంటే!

హుమాయూన్ గారు నా వైపు తిరిగారు. "నీది పీకి ఇక్కడ పెట్టావా? మరి నీ మిషన్ ఎట్టా నడుస్తోంది?"

"నడవట్లేదు సార్. మూల పెట్టేశాను."

ఆయన గడ్డం నిమురుకుంటూ తెర మీద వరసలన్నీ మళ్ళీ చూశారు. అప్పుడు దాదీమా, "ఏంట్రా అది? ఆ పెట్టె ఏమంటోంది?" అంది.

"అవును, అవును అంటోందమ్మా."

"ఎన్నిసార్లు?"

ఆయన నన్ను చూశారు. "సెకనుకి లక్షల్లో అంటుంది దాదీమా" అన్నాను.

"నిఖాలో మూడుసార్లు అడిగి, మూడుసార్లు అనిపిస్తే చాలు కదరా! ఖాజీ గారికి పనే లేకుండా చేసిందే ఈ పిల్ల!" అని దాదీమా బోసినోటితో నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ మంచం మీద ఒరిగిపోయింది. హుమాయూన్ గారు బిగబట్టుకుని చూశారు. పెదవులు వణికాయి. ఇక లాభం లేదని ఆయనా నవ్వేశారు.

"మీ అబ్బా ఏం చేస్తారు?" అడిగారు నవ్వాపుకుని.

"పంజా సెంటర్లో రేడియో, టేప్‌రికార్డర్ రిపేరు షాపు సార్."

"శుక్రవారం నమాజ్ అయ్యాక అమ్మనీ అబ్బానీ తీసుకుని రా. మాట్లాడాలి." అట్టపెట్టెని కాలితో మంచం కిందకి నెట్టారు. "ఇప్పుడు ముందు దీన్ని ఆపు. అన్నీ ఒకేసారి పోయే దారేదో ఉంటుందిగా?"

ఉంది. ఒక్క వాక్యం కొట్టాను. ఎస్సులన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. నా ప్రాణం ఒక్క క్షణం ఉసూరుమంది. లోడు సర్రున దిగింది. ఆయన అంకెలు చూసి తృప్తిగా తలూపి, నా భుజం మీద చెయ్యేశారు.

"మిషన్ మీద లోడు దిగింది. ఇక నీ మీదే."

"ఎస్ సార్" అన్నాను.

"ఇంకా సారేంటి నాయనా, మామయ్య అను" అంది దాదీమా.

చెప్పులు వేసుకుని గేటు దాకా వచ్చాను. సన్నగా తుప్పర మొదలైంది. వెనకే గొడుగు పట్టుకుని హఫ్సా వచ్చింది. అది బస్టాపులో నేను పట్టినది కాదు. మొదటి రోజు ఆమె కీబోర్డుల మీద నీళ్ళు కార్చిన గొడుగు. ఇక నుంచి నాదే.

"అన్నీ ఆపేశారా?" అంది.

"ఆపేశా. ఒక్కటి కూడా మిగల్లేదు. మళ్ళీ అనాలి."

"మళ్ళీనా!"

"అడిగాకే అనాలన్నారుగా. అడుగుతున్నా. అల్లుడిగా రావచ్చా?"

ఇంటి వైపు ఒకసారి చూసింది. గొడుగు కాస్త కిందకి దించింది. "అవును" అంది, వాన చప్పుడులో కలిసిపోయేట్టు.

"వినపడలా. బాగా స్లోగా ఉంది."

"స్లో నేను కాదండీ, మీరు" అంది హఫ్సా. "మీ ర్యామ్ మా ఇంట్లో ఉందిగా."